తట్ట మోసే ఆమె మాట

శ్రీరాంపూర్ బొగ్గుగనుల్లో కార్మికుడికి భద్రతా కమిటీలో స్థానముంది. వందమందికి పైగా పనిచేసే ప్రతి గనికీ 1955 నాటి గనుల నియమాలు దాన్ని విధించాయి. అదే ఊళ్లో భవనం కట్టే కూలీకి ఆ స్థానం లేదు. పదిమంది పనిచేసే చోటికీ వర్తించేలా 1996లో వచ్చిన భవన నిర్మాణ కార్మికుల చట్టం, భద్రతా కమిటీని మాత్రం 500 మందికి తగ్గని చోట్లకే పరిమితం చేసింది. చట్టం మౌనం వహించిన చోట ఎవరి మాట వినాలో కులం నిర్ణయిస్తుంది. పరంజి ఊగుతోందని రాయి కొట్టే వడ్డెరకూ, తట్ట మోసే దళిత స్త్రీకీ ముందే తెలుస్తుంది, అడిగేవారుండరు. కులం శ్రామికులనే విభజిస్తుందని అంబేడ్కర్ 1936లోనే హెచ్చరించారు.

పదిమంది కూలీలున్న ప్రతిచోటా వారెన్నుకున్న ప్రతినిధి ఉండాలి. ఇంజనీరు, గుత్తేదారు, మేస్త్రీల సమన్వయం గురించి తరగతిలో బోధిస్తాం. తట్ట మోసే ఆమె ‘ఆపండి’ అన్నప్పుడు పని ఆగితేనే దాన్ని సమన్వయమని నేను అంగీకరిస్తాను.