పదడుగుల గదికి వెయ్యి వాట్లా?

స్పీకర్లు కొనడానికి దుకాణానికి వెళ్తే మనం అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని వాట్లు?" రెండోది "ఊఫర్ ఎంత పెద్దది?" గది ఎంతో కొనేవాడు చెప్పడు, అమ్మేవాడు అడగడు. డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ హాల్లో సోఫా, టీవీ యూనిట్, దివాన్ కాట్ పోగా మిగిలిన చోటులో ఫైవ్ పాయింట్ వన్ ఇరికించి, సబ్‌ఊఫర్‌ని మూలకు తోసి, కిటికీ అద్దాలు వణికితే డబ్బుకు తగ్గ సరుకు వచ్చిందనుకుంటాం. ఈ లెక్క మొదటినుంచీ తప్పు.

ముందు వాట్ల సంగతి. డబ్బా మీద అచ్చేసే పీఎంపీవో అంకెకు అందరూ ఒప్పుకున్న కొలమానమంటూ లేదు, ఎవరికి తోచినంత వాళ్లు వేసుకుంటారు. చూడాల్సింది ఆగకుండా ఇవ్వగల శక్తిని చెప్పే ఆర్‌ఎంఎస్ అంకె. అదీ దండిగా అక్కర్లేదు. మామూలు బుక్‌షెల్ఫ్ స్పీకర్ ఒక్క వాట్‌కే మీటరు దూరంలో 86, 87 డెసిబెళ్లు పలుకుతుంది. ఇద్దరు మనుషులు మామూలుగా మాట్లాడుకుంటే 60 దగ్గర ఉంటుంది. ఆరడుగుల దూరాన కూర్చుని వినేవాడికి సగటున ఒక వాట్ కూడా ఖర్చు కాదు. మృదంగం మీద గట్టి దెబ్బ పడిన క్షణంలో పది, ఇరవై రెట్లు కావాలి. దానికి 30 వాట్ల ఆంప్లిఫైయర్ సరిపోతుంది. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెళ్లే. ఆ కొసరు కోసమే ఇంత ఆరాటం!

అసలు గొడవ బేస్‌తో. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. ఆ లెక్కన పన్నెండడుగుల దూరంలో ఉన్న ఎదురెదురు గోడల మధ్య 47 హెర్ట్జ్ దగ్గర, పదడుగుల గోడల మధ్య 56 దగ్గర అలలు అటూ ఇటూ తగిలి నిలబడిపోతాయి. స్లాబు కూడా పదడుగుల ఎత్తులోనే ఉంటే ఆ 56కి బలం ఇంకా పెరుగుతుంది. సోఫా ఎక్కడుందో దాన్నిబట్టి ఒక స్వరం ఉబ్బుతుంది, ఇంకొకటి మాయమవుతుంది. ఊఫర్‌ని మూలన పెట్టడమంటే గదిలోని మోతలన్నిటినీ ఒకేసారి లేపడమే. ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ వేసే అడుగుల్ని ఇలాంటి గదిలో వినండి: ఏ అడుగైనా ఒకటే 'బుమ్మ్'.

"నేలమీద నిలబెట్టే పెద్ద టవర్ స్పీకర్లయితే సన్నగా పెట్టినా నిండుగా ఉంటుంది కదా" అంటారు. హాలు పెద్దదైతే సరే. మూడు నాలుగు యూనిట్లున్న టవర్ శబ్దం ఒక్కటిగా కలవడానికి కొంత దూరం కావాలి. ఆరడుగుల్లో కూర్చుంటే గొంతు ఒకచోటినుంచి, తంబురా మరోచోటినుంచి వచ్చినట్టుంటుంది.

బీబీసీ ఇంజినీర్లు 1970లలో ఎల్‌ఎస్‌3/5ఏ అనే స్పీకర్‌ని తయారుచేశారు. బయటి కార్యక్రమాలు ప్రసారం చేసే వ్యాన్ల లాంటి ఇరుకు చోట్ల కూర్చుని ధ్వని బాగోగులు తేల్చడానికి. ఎత్తు ముప్ఫై సెంటీమీటర్లు, మూసిన పెట్టె. లోతైన బేస్ రాదు. మనిషి గొంతు మాత్రం మనిషి గొంతులాగే వినిపిస్తుంది. అందుకే ఇన్నేళ్లయినా దాన్ని వెతుక్కుని కొనేవాళ్లున్నారు. మన హాలు ఆ వ్యాను కన్నా మరీ పెద్దదేం కాదు.

కాబట్టి నా ఓటు ఐదంగుళాల ఊఫర్ ఉన్న జతకు. మూసిన పెట్టె అయితే మేలు, లేదా గాలి రంధ్రం ముందువైపున్నది. వెనకవైపుంటే గోడకు ఆనించకూడదు, తప్పనిసరైతే అందులో స్పాంజి దూర్చాలి. మిగిలిన డబ్బు స్టాండ్లకు పెట్టండి. ట్వీటర్ చెవి ఎత్తున ఉండాలి, షోకేసులో బొమ్మల పక్కన కాదు. హాల్లో ఒక్కసారి చప్పట్లు కొట్టి చూడండి. విట్రిఫైడ్ టైల్స్, బోసి గోడలు దాన్ని గణగణలాడిస్తే ఒక తివాచీ, మందపాటి కర్టెన్లు కొనాలి. ఏ ఖరీదైన కేబుల్ కన్నా అవి చేసే మేలే ఎక్కువ. కేబుళ్ల భక్తులతో వాదన మరోసారి.

ఈ జతతో సినిమాలో కోట కూలినప్పుడు సోఫా అదరదు, నిజమే. అదరాలనుకునేవాళ్లు కింది ఫ్లాటు వాళ్లనూ ఒక మాట అడిగి కొనుక్కోవాలి. 40 హెర్ట్జ్ మోతను కర్టెన్ ఆపలేదు, స్లాబు కూడా పూర్తిగా ఆపదు.