చలనచిత్ర విద్య

కరీంనగరమున 1909లో జన్మించిన పైడి జైరాజు మూకీల కాలముననే బొంబాయి చేరి హిందీ చిత్రములలో నాయకుడయ్యెను. 1980 సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము నందెను. నాడు వేరు దారి లేదు. నేడును మన యువకుడు ఈ విద్య నభ్యసింపగోరిన హైదరాబాదునకో పూణేకో మూట కట్టుకొనవలసినదేనా? సిరిసిల్ల వాడైన వేణు 2023లో తీసిన ‘బలగం’ చిత్రమునకు పిట్టకు పెట్టు తంతే ప్రాణము. దానిని జనులు ఊరూర తెరలు కట్టి చూచిరి. మన మాటకు బలము లేదనువారికి ఇంతకన్న సమాధాన మేల? అయితే ఆదిలాబాదు గోండుల జీవనమును 1940 దశకమున ఛాయాచిత్రములందు నిలిపినది ఆస్ట్రియా పండితుడు హైమెండార్ఫు. మర్లవాయి పిల్లవాడు తన వారి కథను తానే తెర కెక్కించు టెన్నడు? ఇది విలాసవిద్య యని గొణుగు పెద్దలు కలరు. వారే రెండవ ఆటకు ముందు వరుసన కూర్చుందురు! శాతవాహన విశ్వవిద్యాలయమువారు గోండీ నెరిగిన బోధకులతో, పేదల కందు రుసుముతో, ఈ శాఖను నెలకొల్పవలెనని కోరుచున్నాము.