రామగుండము నేర్పిన పాఠము

బొగ్గును మండించుట అందరికిని తెలిసిన పని. పూర్తిగా మండనీయక, మితముగా ప్రాణవాయువును, నీటియావిరిని అందించుచు మహోష్ణములో ఉంచినచో అదే బొగ్గు వాయువుగా మారును. ఆ వాయువులో ప్రధానమైనవి కార్బన్ మోనాక్సైడు, ఉదజని. ఈ రెండింటినుండి యూరియా, మిథనాలు, డీజిలు మొదలగు వస్తువులను రసాయనజ్ఞులు తీయగలరు. బొగ్గు పుష్కలముగా ఉండి చమురు కొరవడిన దేశములకు ఈ విద్యపై ఎడతెగని ఆశ కలుగుట సహజమే.

ఈ ఆశ క్రొత్తది కాదు. పందొమ్మిదవ శతాబ్దిలో లండను వీధిదీపములు బొగ్గునుండి తీసిన వాయువుతోనే వెలిగినవి. 1920 దశకమున జర్మనీలో ఫిషర్, ట్రాప్ష్ అను శాస్త్రజ్ఞులు కార్బన్ మోనాక్సైడు, ఉదజనుల మిశ్రమమును ద్రవ ఇంధనముగా మార్చు పద్ధతిని కనిపెట్టిరి. రెండవ ప్రపంచయుద్ధములో జర్మనీ విమానములకు కావలసిన పెట్రోలులో అధికభాగము బొగ్గునుండి వచ్చినదే. 1950లో దక్షిణాఫ్రికా సాసోల్ సంస్థను స్థాపించి, 1955 నుండి బొగ్గుతో ఇంధనమును తయారుచేయ నారంభించినది. ఈ రెండుచోట్లను ఒక సామ్యమున్నది. చౌక యగునని కాక, విదేశపు చమురు అందకపోవునేమో యను భయముచేతనే ప్రభుత్వములు ఆ వ్యయమును భరించినవి.

తెలుగునాటను ఈ ప్రయోగము జరిగినది. సింగరేణి బొగ్గుగనుల ప్రక్కనున్న రామగుండమున బొగ్గును వాయువుగా మార్చి యూరియా తయారుచేయు ప్రభుత్వ కర్మాగారము 1980లో ఉత్పత్తి ప్రారంభించినది. ఒరిస్సాలోని తాల్చేరునందు దీని తోబుట్టువు వెలసినది. యంత్రములు తరచు మొరాయించుట, విద్యుత్తు కొరత మున్నగు చిక్కులతో ఉత్పత్తి సాగక, నష్టములు పేరుకొని 1999లో రామగుండము కర్మాగారము మూతపడినది. దానిని నమ్ముకొన్న కుటుంబములు చెదరిపోయినవి. అదే స్థలమున క్రొత్త కర్మాగారము 2021లో ఉత్పత్తి మొదలిడినది. ఏటికి సుమారు 12.7 లక్షల టన్నుల యూరియా దాని సామర్థ్యము. కాని దాని ముడిసరకు సహజవాయువు. బొగ్గుగనుల నడుమనుండి దూరపు గొట్టములలో వచ్చు వాయువుకై ఎదురుచూడవలసి వచ్చుటకన్న వింత యేమున్నది?

ఇప్పుడు బొగ్గువాయువునకు మరల పిలుపు వచ్చినది. 2030 నాటికి ఏటికి పది కోట్ల టన్నుల బొగ్గును వాయువుగా మార్చవలెనని కేంద్రప్రభుత్వము లక్ష్యము పెట్టుకొని, 2024 జనవరిలో 8,500 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకమును ఆమోదించినది. హైదరాబాదులోని భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ సంస్థ బూడిద అధికముగల స్వదేశపు బొగ్గునుండి మిథనాలు తీసి చూపినది. ఆ ప్రయోగశాల సామర్థ్యము రోజునకు పావుటన్ను మాత్రమే. పావుటన్నుకును పరిశ్రమకును నడుమ దూరము చిన్నది కాదు.

ఆ దూరమున మూడు ప్రశ్నలు నిలిచియున్నవి. మొదటిది బూడిద. మన బొగ్గులో నూటికి ముప్పదినుండి నలుబదిపాళ్ళవరకు బూడిద యుండుట సామాన్యము. తక్కువ బూడిదగల బొగ్గుకై నిర్మించిన విదేశపు యంత్రములు దానిని సులభముగా జీర్ణించుకొనలేవు. రెండవది నీరు. ఆవిరికిని చల్లబరచుటకును నీరు విస్తారముగా కావలెను. మూడవది బొగ్గుపులుసు వాయువు. దక్షిణాఫ్రికాలోని సెకుండా కర్మాగారము ఆ వాయువును ఒకేచోట అత్యధికముగా వెలువరించు ప్రపంచకేంద్రములలో ఒకటి. వాయువుగా మార్చినంత మాత్రమున బొగ్గు పరిశుద్ధమగునని తలచుట భ్రమ. ఐతే ఈ పద్ధతిలో ఆ వాయువును వేరుచేసి పట్టుకొనుట పొగగొట్టమునుండి పట్టుటకంటె సులభము. అమెరికాలోని ఉత్తర డకోటా కర్మాగారము 2000 నుండి దానిని గొట్టములద్వారా కెనడా చమురుక్షేత్రములకు పంపి భూగర్భమున నింపుచున్నది. మార్గము కలదు, దానికి వెలయును కలదు.

మారకద్రవ్యము మిగులునను వాదము కొట్టివేయదగినది కాదు. కాని ఆ లెక్కలో బూడిద, నీరు, బొగ్గుపులుసు వాయువుల ఖర్చును గూడ చేర్చినప్పుడే అది లెక్క యగును. రామగుండమున ఓడిపోయినది శాస్త్రము కాదు. దానిని ఆ బొగ్గుకు, ఆ విద్యుత్తుకు, ఆ పరిస్థితులకు సరిపోల్చుకొనని ప్రణాళిక. క్రొత్త కర్మాగారములకు పునాదిరాయి వేయుటకు ముందు ఆ పాత కర్మాగారపు లెక్కల పుస్తకములను మరల తెరచి చూచుట మేలు.