పదిరోజుల మౌనం, పదకొండోనాటి వంటిల్లు

మన ఇళ్లల్లో ఎవరైనా మాట్లాడకుండా కూర్చున్నారంటే దానికి ఒకటే అర్థం: అలిగారన్నమాట. ‘‘ఏమైందమ్మా?’’ అని ఒకరూ, ‘‘ఇప్పుడు కదపకండి’’ అని ఇంకొకరూ. అటువంటిది, ఎవరిమీదా కోపం లేకుండా ఒక ఇల్లాలు తానై కోరి పదిరోజులు మౌనంగా ఉండి వస్తానంటే ఇంటిల్లిపాదీ కంగారు పడరూ? కిందటేడు నేను విపశ్యన శిబిరానికి వెళ్లివచ్చానని ఈ శీర్షికలో ఒక్క ముక్క రాశానో లేదో, అక్కడేం చేయిస్తారు, వచ్చాక ఏమైనా ఒరిగిందా అని చాలామంది అడిగారు. అందుకని ఈ వారం ఊరగాయల సంగతి పక్కన పెడుతున్నాను.

హైదరాబాదు నుంచి నాగార్జునసాగర్ వెళ్లే రోడ్డుమీద, వనస్థలిపురం వైపున ‘ధమ్మఖేత్త’ అనే కేంద్రం ఉంది. 1976 నుంచీ అక్కడ శిబిరాలు జరుగుతున్నాయి. ఆ రోడ్డే పట్టుకుని పోతే నాగార్జునకొండ. ఇక్ష్వాకుల కాలంలో, అంటే మూడో శతాబ్దంలో, అక్కడ బౌద్ధ భిక్షువులు విహారాలు కట్టుకుని ఉన్నారు. వానాకాలం మూడు నెలలూ ఊళ్లు తిరగకుండా ఒక్కచోట ఉండి సాధన చేయడం వాళ్ల ఆచారం. మనకది మూడు నెలల నుంచి పదిరోజులకు దిగిందన్నమాట. మన తీరికకి అదే ఎక్కువ!

ఈ పదిరోజుల పద్ధతిని మన దేశానికి తెచ్చినవారు సత్యనారాయణ గోయెంకాగారు. 1924లో మాండలేలో పుట్టిన మార్వాడీ వర్తకుడు. ఆయన్ని ధ్యానం వైపు నడిపింది భక్తీ కాదు, వైరాగ్యమూ కాదు, పార్శ్వపునొప్పి. ఎక్కడెక్కడి వైద్యాలూ తగ్గించలేకపోతే, 1955లో రంగూన్‌లో ఊ బా ఖిన్‌గారి దగ్గరికి వెళ్లారు. ఆయన సన్యాసి కాదు, బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్‌గా చేసిన సంసారి. తలనొప్పి కోసమే అయితే రావద్దని ముందు తిప్పి పంపారట కూడాను. నాకీ గురువుగారు అందుకే నచ్చారు. జమాఖర్చులు చూసే మనిషి ధ్యానం నేర్పితే అందులో గాలి మాటలుండవు. 1969లో గోయెంకాగారు ఇండియా వచ్చి బొంబాయిలో పెట్టిన మొదటి శిబిరంలో ఆయన తల్లిదండ్రులు కూడా కూర్చున్నారు. 2013లో ఆయన పోయారు. శిబిరాల్లో ఇప్పటికీ వినిపించేది ఆయన రికార్డు చేసిపెట్టిన గొంతే.

తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు. నాలుగున్నరకి కూర్చోవాలి. రాత్రి తొమ్మిదిన్నరకి దీపాలార్పేలోగా దాదాపు పది గంటలు ధ్యానమే. ఆడవాళ్లకీ మగవాళ్లకీ వేర్వేరు వసతులు. ఫోను మొదటిరోజే అప్పగించేయాలి. పుస్తకం, కలం కూడా ఉండకూడదు. పూజ, జపం ఆ పదిరోజులూ పక్కన పెట్టమంటారు. పొద్దున ఫలహారం, పదకొండింటికి భోజనం, సాయంత్రం ఐదింటికి ఇంత టీ, పండు. అంతే. మూడు పూటలా నలుగురికి వండి వార్చే మనిషికి, ఎవరో వండింది కూర్చుని తినడమే సగం ధ్యానం సుమండీ!

మొదటి మూడు రోజులూ ముక్కు పుటాల దగ్గర వచ్చే ఊపిరి, పోయే ఊపిరి – ఊరికే గమనించడం. లెక్కపెట్టకూడదు, బిగపట్టకూడదు. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. కూర్చుంటే తెలుస్తుంది: నాలుగు ఊపిర్లు గడిచేలోగా మనసు పాలవాడి బాకీ దగ్గరికో, ఇరవయ్యేళ్ల కిందటి పెళ్లిలో ఎవరో అన్న మాట దగ్గరికో పోయి కూర్చుంటుంది. నాలుగోరోజు నుంచి తల మొదలు పాదాల దాకా ఒంట్లో కలిగే దురద, తిమ్మిరి, నొప్పి, వేడి ఒక్కొక్కటే చూసుకుంటూ రావాలి. రోజుకి మూడుసార్లు గంటసేపు కాలు కదపకుండా కూర్చోవాలి. మోకాలు మండిపోతుంది. ఆ మంట పెరిగి, తారుమారై, తగ్గడం మనమే చూస్తాం. వాళ్లు నేర్పేది ఇదే. నొప్పి రాగానే ఎగిరిపడకుండా అది ఏం చేస్తుందో చూడడం.

దీన్ని పాళీలో ‘సతి’ అంటారు. మన సతీపతుల్లోని సతి కాదు, సంస్కృతంలో ‘స్మృతి’. సతిపట్ఠాన సుత్తంలో బుద్ధుడు దీన్ని కూర్చున్నప్పటికే వదిలిపెట్టలేదు. నడుస్తున్నా, చెయ్యి చాపుతున్నా, అన్నం నములుతున్నా, ఆఖరికి మలమూత్రాలకు వెళ్లినా ఎరుకతో ఉండమన్నాడు. అంత వివరంగా చెప్పినాయన వంటిల్లు కుదరదంటాడా?

ఇక మా వంటింటి సంగతి. మా అత్తగారికి ఎనభై నాలుగేళ్లు. మూడేళ్లుగా మతిమరుపు జబ్బు. స్మృతి అన్నమాట తల్చుకుంటే నాకు ఆవిడే గుర్తొస్తారు. ‘‘పెద్దాడు అన్నం తిన్నాడా?’’ అని అడుగుతారు. మా బావగారు పోయి ఆరేళ్లయింది. ఉన్నమాట చెబితే కొత్తగా విన్నట్టు గుండెలు బాదుకుంటారు. తిన్నారంటే అబద్ధం. పావుగంట కాగానే మళ్లీ అదే ప్రశ్న, రోజుకి ఏ ముప్ఫైసార్లో. వినేవాళ్లకి మొదట జాలి, తర్వాత విసుగు, ఆ తర్వాత తనమీద తనకే రోత. ఇంట్లో ఇటువంటి పెద్దవాళ్లున్నవారికి నేను చెప్పనక్కర్లేదు.

శిబిరం నుంచి వచ్చాక ప్రశ్న మారలేదు, సంఖ్యా తగ్గలేదు. ఒక్కటి మాత్రం తేడా. ఆ మాట చెవిన పడగానే నా మెడవెనక వేడెక్కడం, ఊపిరి పొట్టిదవడం ఇప్పుడు నాకు తెలుస్తోంది. అది తెలిసిన క్షణంలో నోటికి కాస్త వ్యవధి దొరుకుతుంది. అటువంటి వ్యవధిలోనే ఒకరోజు, ‘‘బావగారికి ఏం కూరంటే ఇష్టమండీ?’’ అని అడిగాను. గుత్తివంకాయ అన్నారు. కారం కూరిన వంకాయలు చాలవని చిన్నప్పుడు పళ్లెం తోసేసి లేచిపోయాడట. ఆవిడ నవ్వారు. నేనెప్పుడూ విననిది అది. అన్నిసార్లూ ఇలా జరగదు. సాయంత్రం నాలుగు దాటితే నా ఓపికా చాలదు.

రోజూ పొద్దున గంట, సాయంత్రం గంట కూర్చోమంటారు. నాకు పొద్దున అరగంట కుదురుతోంది, అదీ కుక్కరు ఎక్కించకముందు. మిగతాదంతా గిన్నెలు తోమేటప్పుడే.

వెళ్లదలచుకున్నవారికి రెండు మాటలు. రుసుము లేదు, శిబిరం పూర్తి చేసినవారు తోచింది ఇస్తే దానితోనే నడుపుతారు. ముందుగా దరఖాస్తు పెట్టుకోవాలి. తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవారు దీన్ని చికిత్సగా ఎంచి వెళ్లకూడదు. ఆ మాట నిర్వాహకులే చెబుతారు. డాక్టరిచ్చిన మందులు మానేసి కూర్చుంటే మేలు కాదు, కీడు.

వెళ్లేరోజు, వచ్చేరోజు కలుపుకుంటే మొత్తం పన్నెండు రోజులు. అన్నాళ్లు ఇల్లెవరు చూస్తారన్నదే అసలు చిక్కు. మా అత్తగారి దగ్గర మా ఆడపడుచు సెలవు పెట్టి వచ్చి ఉంది. ఈ వేసవికి తనూ వెళ్తుందట. అప్పుడు వాళ్ల పిల్లలిద్దరూ మా ఇంట్లోనే. ఆవకాయ ఈసారి ముందే పట్టేయాలి.