పనిముట్ల పాఠం తెలుగులో ఎందుకు చెప్పాలి?



మన తెలుగు పాఠాలలో నాగలి వస్తుంది, మగ్గం వస్తుంది, కుమ్మరి సారె వస్తుంది. చెన్నైలో పెరిగే మన పిల్లలు వీటిని బొమ్మలలో తప్ప చూడరు. వారు బడికి వచ్చే దారిలో రోజూ చూసేది మోటారు షెడ్డు. అందులోని పానా, పట్టుకారు, ఆకురాయి మాత్రం మన తరగతి గదిలోకి రావు. వాహనాల మరమ్మతుకు వాడే చేతి పనిముట్లను ఎంచుకోవడం, కాపాడుకోవడం తెలుగు గంటలో బోధించదగిన విషయమని నా అభిప్రాయం. ఎందుకో వివరిస్తాను.

ఈ నగరానికీ మోటారు బండికీ ఉన్న అనుబంధం చిన్నది కాదు. 1948లో ఆరంభమైన అశోక్ మోటార్స్ ఎన్నూరులో ఆస్టిన్ కార్లను కూర్చింది. 1955లో అశోక్ లేలాండ్ అయింది. అదే 1955లో తిరువొత్తియూరు కేంద్రంగా ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. స్టాండర్డ్ హెరాల్డ్ కారు ఇక్కడ తయారైనదే. 1998లో ఇరుంగాట్టుకోట్టైలో హ్యుందాయ్ ఉత్పత్తి మొదలైంది. పాత విడిభాగాలు కావలసినవారు నేటికీ పుదుప్పేట వీధులలో వెదుకుతారు. ఉత్తర చెన్నై తెలుగు కుటుంబాలలో ఈ పని మీద బ్రతికినవారు ఉన్నారు, ఇక ముందు బ్రతకబోయేవారూ ఉన్నారు.

ఇక్కడ రెండు అభ్యంతరాలు వినిపిస్తాయి. మొదటిది: "మా పిల్లలను మెకానిక్కులను చేస్తారా?" రెండవది: "అందులో పేర్లన్నీ ఇంగ్లీషువే కదా, తెలుగు ఎక్కడున్నది?" వీటికి సమాధానం చెప్పేముందు, ఆ పాఠంలో ఏమేమి ఉంటాయో ఒకసారి చూడండి.

ముందుగా ఎంపిక. పానా మీద 12, 13 అని అంకెలుంటాయి. ఆ అంకె బోల్టు లావును చెప్పదు. నట్టుకు ఎదురెదురుగా ఉన్న రెండు చదునుల మధ్య దూరాన్ని మిల్లీమీటర్లలో చెబుతుంది. 6 మిల్లీమీటర్ల బోల్టుకు సాధారణంగా 10 పానా పడుతుంది. 8 మిల్లీమీటర్ల బోల్టుకు 13 పడుతుంది. జపాను పద్ధతిలో తయారైన బండ్లలో మాత్రం 12 పడుతుంది. ఇది తెలియని కుర్రవాడు దొరికిన పానా పెట్టి తిప్పుతాడు. నట్టు మూలలు అరిగి గుండ్రబడతాయి. పానా జారుతుంది, వేలి కణుపు ఇనుముకు తగిలి చీలుతుంది.

పాత బండ్లలో మరొక చిక్కు ఉన్నది. హెరాల్డ్ వంటి కార్లకు అంగుళాల కొలత. అర అంగుళమంటే 12.7 మిల్లీమీటర్లు. దానికి 13 పానా వేస్తే 0.3 మిల్లీమీటర్ల ఖాళీ మిగులుతుంది. ఎక్కినట్టే ఉంటుంది, బలం పెట్టగానే మూలలను తినేస్తుంది. అంగుళంలో పదహారింట ఏడు వంతులంటే 11.11 మిల్లీమీటర్లు. ముప్పావు అంగుళం 19.05 కనుక 19తో సరిపెట్టుకోవచ్చును. భిన్నాలు, దశాంశాలు ఎందుకు నేర్చుకోవాలని అడిగే పిల్లవాడికి ఇంతకంటే మంచి జవాబు ఏమున్నది?

పానాలలో రకాలు కూడా కారణం లేకుండా పుట్టలేదు. నోరు తెరిచిన పానా నట్టును రెండు వైపుల మాత్రమే పట్టుకుంటుంది. రింగు పానా చుట్టూ పట్టుకుంటుంది. కనుక బిగిసిన నట్టును మొదట కదిలించడానికి రింగు వాడాలి, వదులైన తరువాత త్వరగా తిప్పడానికి తెరిచిన నోరు వాడాలి. తెరిచిన పానా తల పిడికి 15 డిగ్రీలు వాలి ఉంటుంది. ఆ వాలు ఎందుకు? ఆరు పలకల నట్టు మీద పానాను తిరిగి పట్టించాలంటే 60 డిగ్రీల చోటు కావాలి. ఇరుకైన ఇంజను పక్కన అంత చోటు ఉండదు. వాలు ఉన్న పానాను ఒకసారి ఇటు, ఒకసారి అటు బోర్లించి పెడితే 30 డిగ్రీలతోనే పని జరుగుతుంది. కోణాల పాఠమంతా ఆ పిడికెడు ఇనుములో ఉన్నది.

పిడి పొడవును గమనించండి. చిన్న పానాకు పిడి పొట్టి, పెద్ద పానాకు పొడుగు. చిన్న బోల్టు మీద చేతి బలం మితిమీరకుండా చేసిన ఏర్పాటు అది. 100 న్యూటన్ మీటర్ల బిగువు కావాలనుకుందాం. పావు మీటరు పిడి చివర 400 న్యూటన్లు, అంటే సుమారు 40 కిలోల బరువంత బలం వేయాలి. ఆ పిడికి గొట్టం తొడిగి పొడవు రెట్టింపు చేస్తే అదే చేతి బలానికి బిగువు రెట్టింపు అవుతుంది. మర తెగుతుంది, లేదా పానా నోరు విచ్చుకుంటుంది. పానాను సాధ్యమైనంతవరకు తనవైపు లాగాలి. నెట్టక తప్పని చోట అరచేయి తెరిచి నెట్టాలి. జారినా వేళ్ళు దక్కుతాయి.

కొనే తల్లిదండ్రులకు ఒక మాట. పెద్ద పెట్టె, నలభై ముక్కలు, తక్కువ ధర చూసి మోసపోవద్దు. 6-7 నుండి 20-22 వరకు ఎనిమిది రెండు నోళ్ళ పానాలు, అవే కొలతలలో రింగు పానాలు, రెండు మూడు స్క్రూడ్రైవర్లు, ఒక పట్టుకారు, ఒక సుత్తి ఉంటే ఆరంభానికి చాలును. క్రోమ్ వెనేడియం ఉక్కు అని పోత మీద ఉన్నదా, తయారీదారు పేరు చెక్కి ఉన్నదా, రెండు దవడలు సమాంతరంగా ఉన్నాయా చూడండి. మిగిలినవి అవసరం వచ్చినప్పుడు ఒక్కొక్కటిగా కొనుక్కోవచ్చును.

ఇక సంరక్షణ. చెన్నై సముద్రపు గాలికి ఇనుము మీద దయ లేదు. సాయంత్రం పని ముగియగానే పనిముట్లను కిరోసిను గుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఆరదుడిచి, పలుచగా నూనె పూసి పెట్టె మూయాలి. ఆకురాయికి మాత్రం నూనె తగలకూడదు. తగిలితే పని మీద జారుతుంది. దాని పళ్ళలో చిక్కిన లోహపు పొడిని తీగ బ్రష్షుతో దులపాలి. ముందుగా సుద్ద రాస్తే పొడి అంతగా పట్టదు. పిడి లేని ఆకురాయిని ముట్టనే కూడదు, దాని తోక అరచేతిలో దిగుతుంది. ఉలి తల సుత్తి దెబ్బలకు పుట్టగొడుగులా విచ్చుకుంటే ఆ అంచును సానపట్టి తీసివేయాలి. లేకుంటే ఎప్పుడో ఒక దెబ్బకు ముక్క ఎగిరి కంటిని తీస్తుంది. స్క్రూడ్రైవరును ఉలిగా, పానాను సుత్తిగా వాడడం పనిముట్టునూ పనినీ చెడగొట్టుకోవడమే. బిగువు కొలిచే టార్క్ పానాను పని కాగానే దాని కొలతలోని కనిష్ఠ అంకెకు తిప్పి ఉంచాలి. లేకుంటే లోపలి స్ప్రింగు అలసి తప్పు లెక్క చెబుతుంది.

2015 డిసెంబరులోనూ, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానులోనూ ఈ నగరం మునిగింది. అటువంటి నీటిలో తడిసిన పనిముట్లను అలాగే ఎండబెట్టకూడదు. ముందుగా మంచినీటితో బురదను కడిగి, ఆరబెట్టి, కిరోసినుతో శుభ్రం చేసి నూనె రాయాలి. రాట్చెట్ వంటివాటిని విప్పి లోపల గ్రీజు మార్చాలి. ఇది నాలుగు వాక్యాల విషయం. తెలిసినవాడి పెట్టె దక్కుతుంది, తెలియనివాడు మళ్ళీ మొదటి నుండి కొనుక్కోవాలి.

ఆయుధ పూజనాడు ప్రతి షెడ్డులోనూ పనిముట్లను కడిగి చందనం, కుంకుమ పెడతారు. ఎంతో మంచి ఆచారం. అయితే చందనానికి ముందు తుడిచే ఆ తుడుపు ఏడాదికొకసారి కాక రోజూ సాగితే, సరస్వతీదేవి మరింత సంతోషిస్తుందని నా నమ్మకం.

ఇప్పుడు అభ్యంతరాలకు వద్దాం. మెకానిక్కులను చేస్తారా అన్నారు. ఐ.టి.ఐ.లో మోటారు వాహన మెకానిక్ చదువు రెండేళ్ళు. అందులో చేరే పిల్లవాడికి ఈ పాఠం ఆసరా అవుతుంది. చేరని పిల్లవాడికి, ఏ పని వెనుకనైనా కారణం ఉంటుందని, దానిని మాటలలో పెట్టవచ్చునని తెలుస్తుంది. షెడ్డులో 'ఇలా పట్టు' అంటారు. 'ఎందుకు' అని చెప్పే తీరిక మేస్త్రీకి ఉండదు. ఆ 'ఎందుకు' చెప్పవలసినది బడి.

పేర్లన్నీ ఇంగ్లీషువే అన్నారు. సుత్తి, సమ్మెట, ఉలి, పట్టుకారు, ఆకురాయి, దాగలి, మర, పిడి మనవి కావా? పానా ఎక్కడినుండి వచ్చినా మన నోట నలిగి మనదే అయింది. స్పానర్, నట్టు, బోల్టు కూడా ఉండనివ్వండి, వాటిని తరిమి కొత్త సంస్కృత సమాసాలు కట్టవలసిన పనిలేదు. పక్కనే ఉన్న తమిళాన్ని చూడండి: మన ఉలి వారికీ ఉళియే; స్క్రూడ్రైవరును తిరుప్పుళి అంటారు, తిప్పే ఉలి అన్నమాట. రెండు భాషల పిల్లవాడు ఈ చుట్టరికాన్ని చూసి ఆనందించగలడు. తెలుగుతనం పేర్లకంటే వాక్యంలో ఎక్కువగా ఉన్నది. 'రింగుతో వదులు చేసి, నోటి పానాతో తిప్పు' అన్న వాక్యం అక్షరాలా తెలుగు.

2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టంతో, 2006-07 విద్యా సంవత్సరంలో 1వ తరగతితో మొదలుపెట్టి తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైంది. మన పిల్లలు తమిళం చక్కగా నేర్చుకోవలసినదే. అయితే తెలుగుకు మిగిలిన గంటలు కొద్ది కనుక, ఆ గంటలలో ఏమి చెబుతున్నామన్నది పెద్ద ప్రశ్న. పద్యం తప్పక ఉండాలి. పద్యం మాత్రమే ఉంటే, తెలుగు పండుగనాటి పట్టుబట్ట అని, రోజూ కట్టుకునేది కాదని పిల్లవాడు తీర్మానించుకుంటాడు. ఆ తీర్మానం తరువాతి తరంలో మన గదిని ఖాళీ చేస్తుంది.

భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం 1962లో వ్యవసాయంతో, 1971లో చేనేతతో వెలువడింది. రైతును, నేతగాడిని అడిగి మాటలు రాసుకున్న ఆ పద్ధతిని మన 8వ తరగతి పిల్లలు చిన్న ఎత్తున అనుసరించవచ్చును. వచ్చే వారం తరగతికి ఒక పాత పానా, ఒక ఆకురాయి తీసుకొని వెళ్ళండి. 'దీనిని ఎలా ఎంచుకోవాలి, ఎలా దాచుకోవాలి' అని పది వాక్యాలు రాయించండి. రాసినదానిని ఇంట్లో తండ్రికో, మేనమామకో, వీధి చివరి మేస్త్రీకో చదివి వినిపించమనండి. వారు దిద్దిన తప్పులను, చెప్పిన కొత్త మాటలను మరునాడు నల్లబల్ల మీద రాయండి. తెలుగు పాఠాన్ని మేస్త్రీ దిద్దడంలో మనకు చిన్నతనమేమీ లేదు. అటువంటి పాఠాలు మనకు ఇంకా చాలా కావాలి.