పడవ దిగి నడవండి

మన ఊళ్ల నుంచి శబరిమల వెళ్లే బస్సుల్లో కొన్ని తిరుగు ప్రయాణంలో కుమిళిలో ఆగుతాయి. స్వాములు పక్కనే ఉన్న తేక్కడి సరస్సులో పడవ ఎక్కుతారు. ఏనుగు కనబడితే సంతోషిస్తారు, కనబడకపోతే డబ్బులు దండగ అంటారు. శబరిమల గుడి ఉన్నది కూడా ఈ పెరియార్ పులుల అడవిలోనే అని చాలామందికి తెలియదు.

పడవ షికారును మేము తప్పుపట్టడం లేదు. 1895లో ముల్లపెరియార్ ఆనకట్ట కట్టినప్పుడు మునిగిన చెట్ల మోళ్లు నేటికీ నీళ్లలో నిలబడి ఉన్నాయి. వాటి మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటాయి. ఎండాకాలం నీరు తగ్గితే ఏనుగులు, అడవిదున్నలు, కణుజులు ఒడ్డుకు వస్తాయి. అయితే ఇంజను మోత, జనం కేకలు తప్పవు. 2009 సెప్టెంబరు 30న ఇక్కడే జలకన్యక అనే పడవ బోల్తాపడి 45 మంది చనిపోయారు. జంతువులను చూడాలని జనం ఒకే పక్కకు చేరడం కూడా ఒక కారణమని అప్పట్లో చెప్పారు.

నడక సంగతి వేరు. అటవీశాఖ గైడు వెంట ఉంటేనే ఆ వానల అడవిలోకి వెళ్లనిస్తారు. జలగలు ఎక్కకుండా పొడవాటి గుడ్డ మేజోళ్లు ఇస్తారు. పెద్ద చెట్ల కింద పట్టపగలే మసక. పులి కనబడటం చాలా అరుదు. కానీ బెరడు మీద గోటి గాట్లు, తడిమట్టిలో అడుగు, ఇంకా ఆరని ఏనుగు లద్దె, వీటన్నిటినీ పుస్తకంలా చదివే మనిషి మన ముందు నడుస్తుంటాడు.

ఎవరా మనిషి? మన్నాన్, పలియన్ తెగలవాడు కావచ్చు. లేదా ఒకప్పుడు వాయన అనే అడవి దాల్చినచెక్కను దొంగచాటుగా కొట్టి కేసుల్లో ఇరుక్కున్నవాడు కావచ్చు. 1990ల చివర్లో అటవీశాఖ అలాంటివాళ్ల చేత సంఘం పెట్టించి, అడవిని కాచే పని, యాత్రికులను తిప్పే పని అప్పగించింది. దొంగదారులు తెలిసినవాడి కన్నా మంచి కాపలాదారు ఎవరు? 2002లో అక్కడి ఆడవాళ్లు వసంతసేన పేరుతో జీతం లేకుండానే గస్తీ మొదలుపెట్టారు. జీతం లేకపోవడం మాత్రం మాకు నచ్చలేదు.

హాస్టల్ దరఖాస్తులో 'తండ్రి చదువు' అన్నచోట 'లేదు' అని రాసినవాళ్లం మనలో ఎందరమో. తేక్కడిలో ఆ 'లేదు'కే కూలి గిడుతోంది. డిగ్రీలు ఉన్నవాళ్లు నోరు మూసుకుని దాని వెనక నడుస్తున్నారు. నల్లమలలో చెంచులకు, పాపికొండల్లో కొండరెడ్లకు ఇంతకన్నా తక్కువ తెలుసా? మన గోదావరి పడవల్లో మైకు పాటలు కాస్త తగ్గించి, ఒడ్డున దిగి ఒక కొండరెడ్డి వెంట గంటసేపు నడిచే ఏర్పాటు చేయాలి. ఆ గంటకు అతనికి తగిన కూలి ఇవ్వాలి.

ఈ ఏడాది మాల వేసుకునే పూర్వ విద్యార్థులకు ఒక మనవి. కుమిళిలో ఒక పూట మిగుల్చుకోండి. నడకకు కొద్దిమందినే పంపుతారు, ముందే అడిగి ఉంచుకోండి. గైడును 'ఏయ్' అనకుండా 'అన్నా' అని పిలవండి.