‘అర్థం కాదులే’ అనుకుని అనే మాటలు

గుంటూరు జిల్లా నుంచి ఓ సోదరి రాసిన ఉత్తరం ఈ వారం నన్ను చాలాసేపు ఆలోచనలో పడేసింది. వాళ్ళమ్మాయి చైనాలో ఎం.బి.బి.ఎస్. చదువుతోంది. పాఠాలు ఇంగ్లీషులోనే గానీ వార్డులో రోగులు మాట్లాడేది చైనీసు. అందుకని ఆ భాషా నేర్చుకుంటోంది. మొదట్లో ఎవరేమన్నా తెలిసేది కాదు, హాయిగా ఉండేది. మూడో ఏడు వచ్చేసరికి మాటలు అర్థమవడం మొదలైంది. బస్సులో పక్కవాళ్ళు తన ఒంటి రంగు గురించి చెప్పుకునేవీ, వార్డులో ఓ రోగి తాలూకు మనిషి ‘ఆ నల్లపిల్లను ముట్టుకోనివ్వద్దు’ అనడమూ, అన్నీ చెవిన పడుతున్నాయి. ‘ఈ భాష రాకపోయినా బాగుండేదమ్మా, ఇంక నేర్చుకోను’ అని ఫోనులో ఏడ్చిందట. ‘దానికేం చెప్పమంటారు అక్కయ్యా?’ అని అడిగారు.

మన చీమకుర్తి గ్రానైటు ఓడలెక్కి చైనాలోని షియామెన్ రేవుకి చాలానే వెళ్తుంది. ఆ పని మీద మావారితో పాటు నేనూ 2014 నుంచి 2018 దాకా అక్కడే కాపురమున్నాను. ఇంటర్‌తో ఆగిన నా చదువుకి మళ్ళీ ఓనమాలు అక్కడే. కూరగాయల మార్కెట్టే నా బడి. ఆ అనుభవంతోనే ఈ నాలుగు మాటలు.

ముందుగా, విన్నది సరిగ్గా విన్నామా అని చూసుకోవాలి. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి పది మాటల్లో మూడే తెలుస్తాయి, మిగతా ఏడూ మనసు కల్పించుకుంటుంది. ‘హెయ్’ అంటే నలుపు. ఆ మాట వినగానే మనల్నే అన్నారనుకుంటాం. కొట్టువాడు అరిచేది ‘హెయ్ ము అర్’ అని కూరల్లో వేసే నల్ల పుట్టగొడుగుల గురించి కావచ్చు. అతను, ఆమె, అది అన్నింటికీ పలకడంలో ‘థా’ ఒక్కటే మాట. ఎవరి గురించో తేల్చుకోవడమే కష్టం. పైగా ఒకే మాటని నాలుగు రకాల రాగాల్లో పలికితే నాలుగు అర్థాలు. కొనడం, అమ్మడం రెండూ ‘మాయ్’ అంటే ఇంక చూసుకోండి!

రెండోది, మనకి మోటుగా వినిపించేవన్నీ వాళ్ళ లెక్కలో మోటు కాదు. ‘పాంగ్ ల’ అంటే ‘లావయ్యావు’ అని. చాలా రోజులకి కనబడితే మన పెద్దమ్మలు, పిన్నమ్మలు అనరూ? అలాంటిదే. వయసెంత, జీతమెంత అని అడగడమూ అంతే. ‘లావ్‌వాయ్’ అంటే పరాయి దేశం మనిషి, తిట్టు కాదు. రంగు సంగతంటారా, తెల్లటి ఒళ్ళు ఉంటే మూడు వంకరలు కప్పిపోతాయని వాళ్ళకో సామెతే ఉంది. పెళ్ళి ప్రకటనల్లో ‘అమ్మాయి తెల్లగా ఉండాలి’ అని వేయించే మనం ఈ విషయంలో వాళ్ళకి నీతులు చెప్పలేం.

మూడోది, నిజంగానే తిట్టే తిట్లు. మనవాళ్ళని వెటకారంగా ‘ఆ సాన్’ అంటారు. బ్రిటిష్‌వాళ్ళు షాంఘైలో సిక్కు పోలీసులను పెట్టిన రోజుల నుంచి వస్తున్న మాట. ‘హెయ్ గ్వెయ్’ అంటే నల్ల దెయ్యం. వీటికి సర్దిచెప్పుకోవాల్సిన పనిలేదు.

అప్పుడేం చెయ్యాలి? ఓసారి నేను తూటికూర ఏరుకుంటున్నాను. పక్కనున్న ఇద్దరు ఆడవాళ్ళలో ఒకావిడ ‘ఎంత నలుపో!’ అంది. రెండో ఆవిడ ‘మెల్లగా’ అంటే, ‘థా థింగ్ బు దోంగ్’ అంది మొదటావిడ. అంటే ‘ఆమెకి అర్థం కాదులే’ అని. భాష నేర్చుకునేవాళ్ళకి మొట్టమొదట వచ్చే మాటే అది! నేను కూర ఏరడం ఆపకుండా ‘వో థింగ్ ద దోంగ్’, నాకు అర్థమవుతుంది, అన్నాను. అంతే. ఆవిడ మొహం కందగడ్డలా అయింది. ‘బు హావ్ ఈస్’ అని క్షమాపణగా గొణిగింది. కూరలామె మాత్రం ఏమీ అనకుండా ఉల్లికాడలు కొసరు వేసింది.

అంతకు మించి అక్కర్లేదమ్మా. వాళ్ళకి ‘మియెన్‌జు’ అంటే మొహం, మన భాషలో పరువు, ప్రాణంతో సమానం. నలుగురిలో అరిస్తే తప్పు వాళ్ళదైనా తగువు మనదవుతుంది. నెమ్మదిగా ‘అర్థమైంది’ అంటే ఆ మాటే చాలు. ఒంటరిగా ఉన్నప్పుడు, తాగినవాళ్ళు అన్నప్పుడు మాత్రం జవాబివ్వకుండా అక్కణ్ణుంచి వచ్చెయ్యమనండి. వార్డులో జరిగితే రోగితో వాదించకుండా పైడాక్టరుకి చెప్పమనండి. అది చాడీ కాదు.

భాష మానేస్తాననడం మాత్రం ఒప్పుకోకండి. ‘హెయ్’ అన్న మాట విన్న చెవితోనే ‘థెంగ్’ అన్న మాటా వినాలి. థెంగ్ అంటే నొప్పి. రేపు ఓ ముసలమ్మ ఎక్కడ నొప్పో చెప్తే అర్థం చేసుకోవాల్సింది మీ అమ్మాయే. మంచి మాటలు మాత్రమే వినే చెవి ఎవరికీ ఉండదు కదా.

ఇది చదువుతున్న మిగతా సోదరీమణులకూ ఓ మాట. మన దగ్గర గ్రానైటు ఫ్యాక్టరీల్లో, అపార్టుమెంట్లలో ఒడిశా, బీహార్ నుంచి వచ్చి పనిచేసేవాళ్ళున్నారు. ‘వాళ్ళకి తెలుగేం తెలుస్తుందిలే’ అని వాళ్ళ ముందే ఎన్ని అనేస్తుంటారో! రెండేళ్ళున్నవాళ్ళకి అన్నీ తెలుస్తాయి, చెప్పరంతే. గోడలకి చెవులుంటాయని మనమే కాదు, చైనావాళ్ళూ అంటారు.

మీ అమ్మాయి ఏమందో తప్పక రాయండి. తూటికూరని వెల్లుల్లితో అక్కడివాళ్ళు ఎలా వేయిస్తారో వచ్చేవారం చెప్తాను.